అడగండి, చెబుతాను

ప్రశ్న: ఇల్లు ఉప్పల్‌లో, ఆఫీసు రాయదుర్గంలో. రోజూ కారులో ఒక్కణ్ణే వెళ్తాను. మా ఆవిడేమో మెట్రో ఎక్కమంటుంది. స్టేషన్ ఇంటికి కాస్త దూరం, పైగా రద్దీ. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఆవిడ మాట వినండి సార్. నాగోలులో బయల్దేరే బ్లూ లైను నేరుగా రాయదుర్గంలోనే ఆగుతుంది. ఎల్.బి.నగర్ వాళ్ళయితే అమీర్‌పేటలో దిగి, ఆ తోపులాటలో రైలు మారాలి. మీకా బాధ లేదు. ఉప్పల్ రెండో స్టేషనే కాబట్టి పొద్దున సీటు దొరికే వీలుంది. దొరికితే మాత్రం అమీర్‌పేట దాటేదాకా లేవకండి! సాయంత్రం రాయదుర్గమే మొదటి స్టేషన్, ఒక రైలు వదిలేసినా నష్టం లేదు. ఇంటి నుంచి స్టేషన్‌కి షేర్ ఆటో చాలు.

వారమంతా మెట్రోనే అని ఒట్టు పెట్టుకోనక్కర్లేదు. కారు తప్పని రోజున అటే వెళ్ళే పక్కింటాయన్నో, కొలీగ్‌నో ఎక్కించుకోండి. పెట్రోలు లెక్క, ఎంతసేపు ఆగుతారన్నది మొదటి రోజే తేల్చెయ్యండి. నన్నడిగితే కార్‌పూల్ చెడేది ట్రాఫిక్ వల్ల కాదు, మొహమాటం వల్ల.

అన్నట్టు, ఖర్చు విషయంలో ఆవిడతో వాదనకు దిగకండి. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళది జీరో టికెట్!