.22 స్పోర్ట్ పిస్టల్ జామ్ అవుతుంటే స్ప్రింగ్ మార్చాలా, అమ్యూనిషన్ మార్చాలా?
25 మీటర్ల పోటీల్లో వాడే పిస్టల్‌లో ఖాళీ కేసు (తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగు) బోల్ట్‌కీ (తూటా వెనక ఉండి ముందుకీ వెనక్కీ కదిలే దిమ్మె) బ్యారెల్‌కీ మధ్య ఇరుక్కుంటోంది, మెత్తటి రికాయిల్ స్ప్రింగ్ (బోల్ట్‌ని తిరిగి ముందుకు తోసేది) వేస్తే పోతుందా అని అడిగారు. పోవచ్చు. కానీ స్ప్రింగ్ దగ్గరికి ఆఖరున వెళ్లండి.

ఇవి బ్లోబ్యాక్ పిస్టళ్లు. బోల్ట్‌కి లాక్ ఉండదు. దాన్ని ఆపేవి సొంత బరువూ, స్ప్రింగ్ బిగువే. వెనక్కి నెట్టేది తూటా శక్తి. ఆ శక్తి చాలకపోయినా, దారిలో మురికి అడ్డం పడినా బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, కేసు ఇరుక్కుంటుంది.

మ్యాగజైన్ తీసి, చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి మొదలుపెట్టండి. .22 బుల్లెట్ మీద ఉండే మైనం, సీసం చాంబర్ మూతి దగ్గర గట్టిగా పేరుకుంటాయి. బ్రష్‌తో అక్కడ శ్రద్ధగా రుద్దాలి. ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద నల్లటి మసి రాయిలా బిగుసుకుంటే కొక్కేనికి పట్టు ఉండదు. టూత్‌పిక్‌తో గీకి తీయండి. మ్యాగజైన్లకు మార్కర్‌తో నంబర్లు వేయండి. ఎప్పుడూ ఒకే నంబరుతో జామ్ అవుతుంటే దోషం ఆ మ్యాగజైన్‌దే.

తర్వాత అమ్యూనిషన్. టార్గెట్ పిస్టళ్లు సాధారణంగా స్టాండర్డ్ వెలాసిటీకి, అంటే 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) బుల్లెట్‌తో సెకనుకు సుమారు 325 మీటర్ల వేగానికి తయారవుతాయి. జామ్ పోతుందని హై వెలాసిటీ వాడితే బోల్ట్ వెళ్లి ఫ్రేమ్‌ని బాదుతుంది. పేలని తూటా అంచు చూడండి: ఫైరింగ్ పిన్ (తూటా అంచుని కొట్టే సూది) గుర్తు లోతుగా ఉంటే అనుమానం తూటా మీద, లోతు లేకపోతే పిస్టల్ మీద. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మాత్రం వెంటనే బోల్ట్ లాగొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. శబ్దం నీరసంగా వచ్చిందా, ఇక కాల్చొద్దు. బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుని ఉండొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు స్ప్రింగ్. కంపెనీ ఇచ్చినదే కొనండి. చుట్లు కత్తిరించడం చాలామంది చేసే పని, పూర్తిగా తప్పు: చుట్లు తగ్గితే మిగిలిన స్ప్రింగ్ ఇంకా గట్టిపడుతుంది, బోల్ట్‌ని మూసి పట్టే తొలి ఒత్తిడి మాత్రం తగ్గిపోతుంది. ఒక్క మెట్టు మాత్రమే మెత్తనిది వేసి, అదే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నుంచి 50 తూటాలు కాల్చండి. కేసులు చేతి దగ్గరే రాలుతుంటే బిగువు ఇంకా ఎక్కువే. విసురుగా దూరం పోతూ, బోల్ట్ ఠపీమని తగులుతుంటే మరీ మెత్తనైంది. కేసు అడుగున ఉబ్బు కనిపిస్తే ఆపి, ఆర్మరర్‌కి (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి.

పరీక్ష శుభ్రమైన పిస్టల్‌తోనే ముగించకండి. మెత్తటి స్ప్రింగ్ బలహీనత మురికి పట్టాకే బయటపడుతుంది: బోల్ట్ చివరి మిల్లీమీటరు మూసుకోదు, అదీ మ్యాచ్ చివరి సిరీస్‌లో. మన ఎండల్లో డబ్బాలు కారులో వదిలితే మైనం కరిగి ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. లాట్ మారిన ప్రతిసారీ ఆ 50 తూటాలు మళ్లీ కాల్చి చూడండి.