సాయంత్రానికి కాలు ఎందుకు వదులవుతుంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మోకాలి కింద కాలు తీసేసినవాళ్లవి, వాళ్ల ఇంట్లోవాళ్లవి. షుగరు వల్ల పోయినవాళ్లు కొందరు, రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్లు కొందరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చాం. కృత్రిమ కాళ్లు తయారుచేసేవాళ్లు, ఫిజియోథెరపీ చేయించేవాళ్లు కలిసి రాసిన జవాబులివి. మిగిలిన కాలిని స్టంప్ అనీ, అది దూరే గుల్లని సాకెట్ అనీ రాశాం. కృత్రిమ కాళ్లు పెట్టే సెంటర్లలో అందరూ అనేది అదే.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, కిరాణా కొట్టు ఉంది. కాలు పెట్టించుకుని ఐదు నెలలైంది. పొద్దున బిగుతుగా ఎక్కుతుంది. మధ్యాహ్నం దాటాక లోపల వదులై టకటకమంటుంది, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. కొట్టు కట్టేసే వేళకి కుంటుతున్నాను. ఓర్చుకుంటే అదే అలవాటవుతుందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
*– తెనాలి నుంచి ఒక పాఠకుడు*

జవాబు: ఓర్చుకోకండి. సాకెట్ నొప్పి ఓర్పుతో తగ్గేది కాదు, సరిచేస్తే తగ్గేది. పట్టుదల ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువ దెబ్బతింటున్నారు. పళ్లు బిగబట్టి నడిచి పుండు చేసుకుంటారు, ఆ తర్వాత మూడు వారాలు కాలే పెట్టుకోలేక కూర్చుంటారు.

మీకు జరుగుతున్నది ఇది. రాత్రి పడుకున్నప్పుడు స్టంప్‌లోకి నీరు చేరి పొద్దుటికి కాస్త ఉబ్బుతుంది. నడుస్తున్నకొద్దీ సాకెట్ దాన్ని పిండుతుంది, అది చిక్కిపోతుంది. అప్పుడు కాలు సాకెట్‌లో కిందికి జారుతుంది. మోకాలి చిప్ప కింద ఉండే నరం లాంటి గట్టి పట్టీ మీద మోయాల్సిన బరువు చిప్ప అంచుమీదా, ఎముక కొసమీదా పడుతుంది. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది, ఏడాదిన్నర దాకా స్టంప్ సన్నబడుతూనే ఉంటుంది కాబట్టి ఐదో నెలలో ఇది మామూలే.

దీనికి మందు సాక్స్. స్టంప్ సాక్స్ 1 ప్లై, 3 ప్లై, 5 ప్లై అని మందాన్నిబట్టి దొరుకుతాయి. పొద్దున వేసుకున్నవాటి మీద మధ్యాహ్నం ఒక 1 ప్లై చేర్చండి. ఇరవై అడుగులు నడిచి చూడండి. ఇంకా జారుతుంటే మరొకటి. ఒక్కసారే 5 ప్లై వేస్తే కాలు అడుగుదాకా దిగదు. కాలు పొడుగైనట్టు అనిపిస్తుంది, స్టంప్ కొస గాల్లో వేలాడుతుంది. అలా వారాల తరబడి సాగితే ఆ కొస వాచి ముదురు రంగుకి తిరిగి, చర్మం గరుకు తేలుతుంది.

ఎక్కువైందో తక్కువైందో తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష ఉంది. గోలీకాయంత చపాతీ పిండి ముద్దని పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి సాకెట్ అడుగున పెట్టండి. ఎప్పటిలా సాక్స్ వేసి కాలు తొడుక్కుని, కాసేపు నిలబడి నాలుగడుగులు వేసి తీసి చూడండి. ముద్ద గుండ్రంగా అలాగే ఉంటే కాలు దిగట్లేదు, ఒక సాక్స్ తీసేయండి. అప్పడంలా అణిగిపోతే మరీ దిగిపోతోంది, ఒకటి చేర్చండి. సగం అణిగితే సరిపోయింది. చూశాక ముద్ద తీయడం మర్చిపోవద్దు.

కాలు విప్పిన వెంటనే చర్మం చూసుకోండి. ఎర్రదనం 10-15 నిమిషాల్లో పోతే భయం లేదు. 20 నిమిషాలు దాటినా ఉంటే, ఆ మచ్చ చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, ఆ రోజు కాలు పక్కన పెట్టి, సెంటర్‌కి వెళ్లి ఆ గీతే చూపించండి. "ఎక్కడో నొప్పి" అంటే సాకెట్ ఎక్కడ తొలవాలో టెక్నీషియన్‌కి తెలీదు. గీత ఉంటే ఐదు నిమిషాల పని. స్టంప్ వెనకవైపు మీకు కనపడదు కాబట్టి చేతి అద్దం వాడండి. షుగరు ఉంటే ఇది రోజూ చేయాల్సిందే, ఎందుకంటే నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది.

సాక్స్ ముడత పడకుండా, కుట్టు బయటికి వచ్చేలా వేసుకోండి. ఒక్క ముడత చాలు, సాయంత్రానికి బొబ్బ. రోజూ ఉతికినవి వేయాలి కాబట్టి కనీసం ఆరు సాక్స్ ఉంచుకోండి. స్టంప్‌ని పొద్దున కాదు, రాత్రి కడగండి. తడికి నానిన చర్మం సాకెట్‌లో అంటుకుని ఒరుసుకుంటుంది. పౌడరు గట్టిగా పూస్తే చెమటకి ముద్ద కట్టి గీరుతుంది. స్పిరిట్ రుద్దితే చర్మం పగులుతుంది. కొబ్బరినూనె రాత్రిపూట రాసుకోవచ్చు, తొడుక్కునే ముందు మాత్రం వద్దు. సాకెట్‌ని కూడా రాత్రే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

ఇన్ని చేసినా మొత్తం పది ప్లై దాటితే తప్ప బిగుతు రావట్లేదంటే ఇక సాక్స్ పని అయిపోయింది. కొత్త సాకెట్ అడగండి. మొదటి సాకెట్ ఏడాదికే మార్చాల్సి రావడం తప్పేం కాదు, కాలు నయమవుతోందని లెక్క.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఆఫీసుకి బస్సులో వెళ్తాను. రోజుకి కనీసం ఇద్దరు "కాలేమైందమ్మా?" అని అడుగుతారు. కొందరు "అయ్యో పాపం, పెళ్లయిందా?" అని కూడా. నాకు నవ్వించడం ఇష్టం, నవ్వులాటగానే జవాబు చెప్తాను. అమ్మకి నచ్చదు, నీ బాధ నువ్వే తక్కువ చేసుకుంటున్నావంటుంది. ఎవరిది ఒప్పు?
*– రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు*

జవాబు: మీదే ఒప్పమ్మా, కానీ అమ్మ మాటలోనూ గమనించాల్సింది ఒకటుంది.

ముందు మీ వైపు. ఒకే ప్రశ్నకి రోజుకి రెండుసార్లు జవాబు చెప్పాలంటే ఎవరికైనా ప్రాణం విసుగొస్తుంది. అందుకని మూడు రకాల జవాబులు ముందే సిద్ధంగా ఉంచుకోమని చెప్తాం. తొందరలో ఉన్నప్పటికి ఒక ముక్క: "యాక్సిడెంటండీ, ఇప్పుడు బాగున్నాను." నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్లకి, అంటే వాళ్లింట్లో కూడా ఎవరికో కాలు తీయాలన్నారని అడిగేవాళ్లకి, రెండు నిమిషాల సమాచారం. మూడోది నవ్వు. బస్సులో ఎవరో బూటుకాలితో తొక్కి కంగారుపడితే, "పర్లేదండీ, మీరు తొక్కింది జైపూర్‌ని" అని జైపూర్ రకం కృత్రిమ పాదం పెట్టుకున్న ఒకమ్మాయి అంటుంది. దోమల కాలంలో "మా ఇంట్లో దోమలకి నా దగ్గర సగం భోజనమే" అంటారు మరొకాయన. ఇలాంటి మాట అవతలివాళ్ల బెరుకుని క్షణంలో పోగొడుతుంది. వాళ్లు కాలిని చూడటం మానేసి మీ మొహం చూస్తారు. చిన్నపిల్లలు అడిగితే మాటలకన్నా చూపించడం మేలు. ప్యాంటు కొంచెం పైకెత్తి తట్టి చూడనివ్వండి. టక్‌మని చప్పుడు వినగానే వాళ్ల భయం పోతుంది.

పెళ్లి ప్రశ్నకి మాత్రం నవ్వు అప్పు పెట్టక్కర్లేదు. "అది మా ఇంటి విషయమండీ" అని కిటికీ వైపు తిరగండి.

ఇంకొక కట్టుబాటు: ఆ కాలు ఎవరిదో హాస్యం వాళ్లది. మీరు వేసిన జోకు మీ తోటి ఉద్యోగులు మీ ముందు తిరిగి వేస్తే, నచ్చకపోతే అదే రోజు చెప్పేయండి. రెండు నెలలు ఊరుకుంటే అది ఆఫీసు అలవాటైపోతుంది.

ఇప్పుడు అమ్మ మాట. నవ్వించే అలవాటున్నవాళ్లు సెంటర్‌లో కూడా నవ్విస్తారు. టెక్నీషియన్ "ఎలా ఉంది?" అంటే "పరుగుపందానికి రెడీ" అనేస్తారు. ఆయన నిజమేననుకుని సరిచేయకుండా పంపేస్తాడు. ట్రయల్ రోజున జోకులు ఇంట్లో పెట్టి రండి. ఎక్కడ గుచ్చుతోంది, ఎన్ని నిమిషాల తర్వాత గుచ్చుతోంది, మెట్లమీదా చదునునేలమీదా అనేవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. అలాగే ఏడవాలనిపించిన రోజున ఏడ్చేందుకు ఒక మనిషిని ఉంచుకోండి. ఆ మనిషి అమ్మే అయితే, మీ జోకులు ఆవిడకీ నచ్చడం మొదలవుతుంది.

ప్రశ్న: మా ఆయనకి కాలు తీసి రెండు నెలలు. రాత్రి బాత్రూమ్‌కని లేచి, కాలు లేదన్న సంగతి మర్చిపోయి అడుగేసి పడిపోయారు. అదృష్టం కొద్దీ కుట్లు విడలేదు. ఇంకొకటి, లేని పాదంలో మంట అంటారు. మనసు చెదిరిందేమోనని భయంగా ఉంది.
*– ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు*

జవాబు: మనసుకేం కాలేదమ్మా. మెదడులో ఆ పాదానికి కేటాయించిన చోటు ఇంకా పనిచేస్తూనే ఉంది. లేని కాలు ఉన్నట్టు తోచడం కాలు పోయినవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. నిద్రమత్తులో అడుగేయడం కూడా అందుకే.

పడకుండా ఉండాలంటే ఆయన మంచం దిగే వైపున, సరిగ్గా కాలు పెట్టే చోట, ఒక బరువైన కుర్చీ వేసి దానికి ఊతకర్రలు ఆనించండి. లేవగానే చెయ్యి దానికి తగిలి మెలకువ వస్తుంది. మంచం పక్కన చిన్న రాత్రి దీపం, అందుబాటులో యూరిన్ క్యాన్ పెట్టండి. బాత్రూమ్‌లో ఒంటికాలి మీద నిలబడి స్నానం వద్దు. 17-19 అంగుళాల ఎత్తు, కాళ్లకి రబ్బరు బుష్‌లు ఉన్న స్టూలు కావాలి. పల్చటి ప్లాస్టిక్ కుర్చీ సబ్బునీళ్లలో జారుతుంది. పట్టుకునే కడ్డీ నేలనుంచి 33-36 అంగుళాల ఎత్తులో, పిడికిలికి సరిపోయేలా ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల లావుండాలి. దాని బోల్టులు టైలు దాటి ఇటుకలోకి దిగాలి. టవల్ కడ్డీ, కుళాయి మనిషి బరువు ఆపలేవు.

మంటకి అద్దం సాయం చేస్తుంది. న్యూరాలజిస్టు వి.ఎస్. రామచంద్రన్ 1990లలో కనిపెట్టిన పద్ధతి. చాచిన కాళ్ల మధ్య పొడవాటి అద్దాన్ని నిలబెట్టాలి. మెరిసే వైపు మంచికాలికి ఎదురుగా ఉండాలి, స్టంప్ అద్దం వెనక దాగాలి. అద్దంలో చూస్తూ మంచి పాదాన్ని నెమ్మదిగా ఆడిస్తే రెండు పాదాలూ ఆడుతున్నట్టు కనపడుతుంది. రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు వారాలు చేయించండి. తగ్గకపోతే నరాల మందులున్నాయి, డాక్టరుగారిని అడగండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టకండి. మోకాలు వంగినచోటే బిగుసుకుపోతే తర్వాత కాలు పెట్టడం కష్టం. రోజుకి రెండు మూడుసార్లు, 20 నిమిషాలు బోర్లా పడుకోబెట్టండి. కుట్లు మానాక క్రేప్ బ్యాండేజ్ 4 అంగుళాలది తీసుకుని, ఎనిమిది అంకె ఆకారంలో, కింద బిగువుగా పైకి వదులుగా చుట్టాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి విప్పి మళ్లీ చుట్టండి. పైన బిగువైతే కొస బుడగలా వాస్తుంది.

ప్రశ్న: బూటుతో బాగానే నడుస్తున్నాను. గుడికి వెళ్లి చెప్పులు విప్పగానే వెనక్కి తోసేసినట్టు ఉంటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నాను. కాలు తప్పు చేశారా?
*– వరంగల్ నుంచి ఒక పాఠకుడు*

జవాబు: తప్పు చేయలేదు. మీ పాదాన్ని బూటు మడమ ఎత్తుకి అమర్చారు. బూటు విప్పగానే మడమ కిందికి దిగి, పిక్క భాగం వెనక్కి వాలి, మోకాలు వెనక్కి నెడుతుంది. అర అంగుళం తేడా కూడా తెలుస్తుంది. చెప్పులు మార్చినా మడమ ఎత్తు ఒకటే ఉండేలా చూసుకోండి. గుళ్లో అనుమతిస్తే మడమ కింద పల్చటి మెత్త పెట్టి పైన సాక్స్ వేసుకోండి. హవాయి చెప్పుల్ని వేళ్లతో పట్టాలి, ఆ పాదం పట్టలేదు. వెనక పట్టీ ఉన్నవే కొనండి.

ఎక్కువసేపు వట్టికాళ్లతో, పొలంలో, నేలమీద గడిపేవాళ్లకి జైపూర్ పాదం మంచిది. 1960ల చివర్లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేథి కలిసి మన అలవాట్లు చూసి చేసిన పాదమది. బూటు అక్కర్లేదు, బురదలో దిగొచ్చు, చీలమండ దగ్గర అన్ని వైపులా కొంత వంగుతుంది. 1981లో కాలు పోయిన సుధా చంద్రన్ 1984లో మళ్లీ భరతనాట్యానికి వేదికెక్కింది ఆ కాలితోనే. అయితే కింద కూర్చోవడానికి పాదం ఒక్కటే చాలదు. సాకెట్ వెనక అంచు ఎత్తుగా ఉంటే తొడకి గుచ్చుకుంటుంది. కొలత ఇచ్చే రోజే "నేను నేలమీద కూర్చుంటాను" అని చెప్పండి.

కిందనుంచి లేచేటప్పుడు ఎదురుగా కుర్చీ పెట్టుకుని రెండు చేతులూ దానిమీద ఆనించండి. కృత్రిమ కాలివైపు మోకాలు నేలకి ఆనించి, మంచి పాదం ముందు మోపి, దానిమీద బరువు వేసి లేవండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కృత్రిమ కాలు ముందు.

ప్రశ్న: పక్క చక్రాల స్కూటీ కొనాలనుకుంటున్నాను. ఏం చూడాలి? పింఛనుకి ఏ కాగితం కావాలి?
*– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు*

జవాబు: పింఛను సంగతి ముందు. వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చే శిబిరానికి (దీన్నే సదరం అంటూ వచ్చారు) స్లాట్ తీసుకోండి. సర్టిఫికెట్లో వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు 2023 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు 2024 నుంచి. కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి, దేశమంతా చెల్లుతుంది.

స్కూటీకి చక్రాలు బిగించాక ఆ మార్పు ఆర్సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత వీటిని అడాప్టెడ్ వాహనాలంటున్నారు, లైసెన్సు కూడా ఆ రకానికే తీసుకోవాలి. కొనేముందు పక్క చక్రాలకి స్ప్రింగు ఉందో లేదో చూడండి. గట్టిగా బిగించేసినవైతే, రెండు పక్క చక్రాలూ గట్టుమీద, మధ్య చక్రం గుంతలో పడ్డప్పుడు ఇంజిన్ చక్రం గాల్లో తిరుగుతుంది, బండి కదలదు. మలుపులో బండి వాలదు కాబట్టి ముందే వేగం తగ్గించి హ్యాండిల్‌తోనే తిప్పాలి. మామూలు స్కూటీ నడిపినవాళ్లు మొదటి వారం ఇక్కడే బోల్తా పడతారు. ఖాళీ మైదానంలో రెండు రోజులు తిప్పాకే రోడ్డెక్కండి. ఊతకర్రలకి క్లిప్పులు ఎడమవైపు, నిలువుగా బిగించమనండి. అడ్డంగా బిగిస్తే సందుల్లో గోడలకి తగులుతాయి.