ఆధార్ లేదని అంగన్‌వాడీలో చేర్చుకోకపోతే?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. ఏడాది కిందట విశాఖ వచ్చి ఆరిలోవలో అద్దెకు ఉంటున్నాం. మా ఆయన తాపీ పని చేస్తారు. నేను అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికి వెళ్తాను. పాపకు నాలుగేళ్లు. అంగన్‌వాడీకి తీసుకెళ్తే, మీ రేషన్ కార్డు పలాసది, పాపకు ఆధార్ కూడా లేదు, ఇక్కడ పేరు ఎక్కదు అన్నారు. దగ్గర్లోని ప్రైవేటు బడిలో ఎల్‌కేజీకి 28 వేలు అడుగుతున్నారు. పేదలకు 25 శాతం సీట్లు ఫ్రీ కదా అంటే, అది ఒకటో తరగతికే అన్నారు. పక్కింటావిడకు ఇద్దరు పిల్లలకూ తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, మాకు అదీ రాదంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. అప్పు చేసి ఎల్‌కేజీలో వేయమంటారా? మాకు చట్టంలో ఏ హక్కూ లేదా?
– ఒక తల్లి, ఆరిలోవ

జవాబు: అప్పు చేయకండమ్మా. మీ పాపకు హక్కు ఉంది. అయితే అది మీరు వెతుకుతున్న చట్టంలో కాకుండా ఇంకో చట్టంలో ఉంది. అందుకే ఎవరిని అడిగినా మీకు సరైన జవాబు దొరకలేదు.

2009 నాటి విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గురించి 11వ సెక్షన్ ఒక్క మాటతో సరిపెట్టింది. వాళ్లకు ఉచితంగా బడికి ముందు చదువు చెప్పించే ఏర్పాట్లు ప్రభుత్వం 'చేయవచ్చు' అంది. 'చేసి తీరాలి' అనలేదు. నిజానికి 1993లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులోనే సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లు నిండేదాకా ప్రతి బిడ్డకూ ఉచిత విద్య హక్కు అని చెప్పింది. కింది వయసు గీత ఏదీ అందులో లేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి ఆ హక్కును ఆరేళ్ల దగ్గర మొదలుపెట్టింది. చిన్నపిల్లల సంగతి 45వ అధికరణంలో ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అన్న మాటకు పరిమితమైంది. చదువుకు పునాది పడే మూడేళ్లనూ చట్టం బయట వదిలేశారని నా బాధ. డబ్బున్నవాళ్లు ఆ మూడేళ్లూ ఫీజు కట్టి గడుపుతారు, మీలాంటి కుటుంబాలు అక్కడే ఇరుక్కుంటాయి.

మీకు పనికొచ్చేది 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం. దాని 5వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసున్న ప్రతి బిడ్డకూ స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. రేషన్ కార్డు ఉన్న బిడ్డకు అని గానీ, ఆ వార్డులోనే పుట్టిన బిడ్డకు అని గానీ ఎక్కడా లేదు. రేషన్ బియ్యానికి కార్డు కావాలి, అంగన్‌వాడీకి అక్కర్లేదు. ఈ రెండూ ఒకే చట్టంలో ఉండడం వల్ల కింది స్థాయిలో కలిపేస్తుంటారు. మీరు ఇప్పుడు నివసిస్తున్న చోటికి దగ్గరగా ఉన్న కేంద్రమే మీ పాపకు స్థానిక అంగన్‌వాడీ.

అన్నం సరే, చదువు మాటేమిటి అంటారా? అంగన్‌వాడీలో పేరు ఎక్కిన మూడేళ్లు దాటిన బిడ్డకు ఆటపాటలతో బడికి ముందు చదువు కూడా అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) సేవల్లో భాగమే. 1975 అక్టోబర్ 2న ఆ పథకం మొదలైన నాటి నుంచీ ఉన్నదే. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ సిబ్బంది గ్రాట్యుటీ కేసు తీర్పులో, ఈ కేంద్రాలు ఆహార భద్రత చట్టం కింద చట్టబద్ధమైన విధులు నిర్వర్తిస్తున్నాయని, విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ చెప్పిన బడికి ముందు చదువు కూడా అక్కడే నడుస్తోందని సుప్రీంకోర్టు గుర్తించింది. కాబట్టి మీరు పట్టుకోవలసింది ఆహార హక్కునే. దాని వెంట చదువు వస్తుంది.

ఆధార్ విషయంలో భయపడకండి. 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో, ఆధార్ నంబరు చూపలేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల ప్రయోజనం నిరాకరించరాదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తల్లి ఆధార్‌తో బిడ్డ పేరు నమోదు చేయవచ్చు. మీ ఆధార్‌లో పలాస చిరునామా ఉన్నా ఫర్వాలేదు. ఒకటి మాత్రం చూసుకోండి. ఊళ్లో ఉన్నప్పుడు పాప పేరు అక్కడి అంగన్‌వాడీలో ఎక్కించి ఉంటే, అంగన్‌వాడీ పిల్లల పేర్లు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఇంకా అక్కడే కనిపిస్తుండవచ్చు. ఇక్కడి టీచర్ 'ఎక్కడం లేదు' అన్నది అందుకే కావచ్చు. పాత కేంద్రం టీచర్‌కు ఫోన్ చేసి, పేరు ఇక్కడికి బదిలీ చేయమని అడగండి. ఆ టీచర్ల మీద కోపం పెట్టుకోవద్దు. యాప్‌లు, రిజిస్టర్లు, వంట, సర్వేలు అన్నీ వాళ్ల నెత్తినే ఉంటాయి.

ఇక మాట మీద కాకుండా కాగితం మీద అడగండి. మీ ప్రాంత ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి (సీడీపీవో) పేరుతో తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు: 'మా పాప వయసు నాలుగేళ్లు. మేము ఆరిలోవలో అద్దెకు ఉంటున్నాం. ఫలానా తేదీన అంగన్‌వాడీ కేంద్రానికి తీసుకెళ్తే స్థానిక కార్డు, ఆధార్ లేవని పేరు నమోదు చేయలేదు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం 5వ సెక్షన్ ప్రకారం మా పాపను చేర్చుకొని ఆహారం, బడికి ముందు చదువు అందించాలని కోరుతున్నాను. వీలు కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు.' ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. నోటితో 'కుదరదు' అనడం తేలిక. చట్టంలో లేని కారణాన్ని సంతకం పెట్టి ఇవ్వడానికి ఏ అధికారీ ముందుకు రారు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకొని దాచుకోండి. అప్పటికీ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం ఇవ్వండి. ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్ కూడా ఉన్నారు.

మీ బస్తీలో అసలు కేంద్రమే లేదంటే దానికీ దారి ఉంది. 2006 డిసెంబర్ 13న, పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని బస్తీవాసులు అడిగితే, మూడు నెలల్లోగా కేంద్రం ఇవ్వాలని ఆదేశించింది. ఆరిలోవ కొండవాలు కాలనీల్లో మీలాగే బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉంటాయి. పిల్లల పేర్లు, వయసులు రాసి తల్లులందరూ సంతకాలు చేసి ఇస్తే ఆ అర్జీ బరువే వేరు.

25 శాతం సీట్ల సంగతికి వస్తే, బడివాళ్లు చెప్పింది సగమే నిజం. విద్యా హక్కు చట్టం 12వ సెక్షన్ ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన, వెనకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలంటూనే, బడికి ముందు తరగతులు నడిపే చోట ఆ ప్రవేశాలకు కూడా అదే నియమం వర్తిస్తుందని చెప్పింది. అంటే అక్షరాలా చూస్తే ఎల్‌కేజీకి కూడా వర్తించాలి. కానీ మన రాష్ట్రంలో ఆన్‌లైన్ దరఖాస్తులు, లాటరీ ఒకటో తరగతికే నడుస్తున్నాయి. ఈ పద్ధతి చట్టం మాటకు తగ్గట్టు లేదన్నది నా అభిప్రాయం. హైకోర్టులో రిట్ వేసి ప్రశ్నించవచ్చు. అయితే ఒక్క కుటుంబం ఒంటరిగా వేస్తే, తీర్పు వచ్చేసరికి పాప ఎల్‌కేజీ వయసు దాటిపోతుంది. ఆ పోరాటం కొందరు తల్లిదండ్రులు కలిసి చేయాలి. మీరు దాని మీదే ఆశ పెట్టుకొని కూర్చోవద్దు.

ఐదేళ్లు నిండాక ఒకటో తరగతికి దరఖాస్తు చేయడానికి ఇప్పటి నుంచే సిద్ధం కండి. దగ్గర్లో నివసించేవారికి ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి ఆరిలోవ చిరునామాకు రుజువు కావాలి. ఇంటి యజమానితో మాట్లాడి అద్దె ఒప్పందం రాయించుకోండి. పాప జనన ధ్రువపత్రం పుట్టిన చోటి నుంచి తెప్పించుకోండి. మీకు వర్తించే కుల, ఆదాయ పత్రాలకు సచివాలయంలో అడగండి. సీటు వస్తే ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితమే. ప్రభుత్వం బడికి డబ్బు ఎప్పుడు చెల్లిస్తుందన్నది వాళ్లిద్దరి మధ్య విషయం. చెల్లింపు ఆలస్యమైందని మిమ్మల్ని ఫీజు అడగకూడదు. అడిగితే విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు, మూడు నెలల్లో తేల్చాలి.

తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు లేదు. అది ప్రభుత్వ పథకం కాబట్టి మాకూ ఇవ్వమని కోర్టుకు వెళ్లినా నిలబడడం కష్టం. మీరు పనికి వెళ్లాలంటే పాపను ఎక్కడో ఒకచోట వదలక తప్పని వయసు ఇదే. ఆ వయసుకే సాయం లేకపోవడం సరికాదు. ప్రజాప్రతినిధులు ఎదురుపడినప్పుడు ఈ మాట గట్టిగా అడగండి.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. విశాఖ జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు సీడీపీవో ఆఫీసులో ముద్ర వేసిన కాపీ వెంట తీసుకెళ్లండి. వాళ్లు మొదట అడిగేది అదే.