పంటి సిమెంటులోని ఫ్లోరైడుకు భయపడాలా?

పాఠకుల ప్రశ్నలకు దంతవైద్యుని జవాబులు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. మా అత్తగారు బోరు నీళ్ళు తాగి నడుము వంగిపోయిన మనిషి. నా పళ్ళూ గారపట్టి ఉంటాయి. ఇప్పుడు భగీరథ నల్లా నీళ్ళు తాగుతున్నాము. ఏడేళ్ళ మా పాపకు కింది దవడలో ఒక పాలపన్ను పిప్పి పట్టింది. పట్నంలో చూపిస్తే గ్లాస్ అయనోమర్ సిమెంటు పెడతామని, దానిలోంచి ఫ్లోరైడు ఊరుతుంది కాబట్టి పంటికి మేలని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట వినగానే ఇంట్లో అందరూ వద్దంటున్నారు. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, పీకించేస్తే సరిపోదా?
– ఒక తల్లి

జవాబు: ఫ్లోరైడు పేరెత్తితే మీ మండలంలో ఉలిక్కిపడని ఇల్లు ఉండదు కాబట్టి మీవాళ్ళ అభ్యంతరాన్ని నేను తప్పుపట్టను. అయితే మీ అత్తగారి నడుము వంచిన ఫ్లోరైడు, ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళతో కడుపులోకి వెళ్ళి, నెత్తుటిలో కలిసి ఎముకకు చేరినది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని మన దేశ ప్రమాణం చెబుతుండగా, మీ వైపు చాలా బోర్లలో అంతకంటె ఎక్కువే ఉండేది. మనిషి అలాంటి నీటిని రోజూ లీటర్ల కొద్దీ తాగేవాడు. పంటిలో పెట్టే చిన్న సిమెంటు ముద్ద నుంచి ఊరే ఫ్లోరైడు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. అదీ మొదటి ఒకటి రెండు రోజులు కాస్త ఎక్కువగా వచ్చి, ఆ తరువాత బాగా తగ్గిపోతుంది. దానివల్ల పళ్ళు గారపట్టవు, ఎముకలు వంగవు.

పళ్ళు గారపట్టడమనేది శాశ్వత దంతాల ఎనామిల్ పొర దవడ లోపల తయారయ్యే కాలంలో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఒంట్లోకి ఎక్కువ ఫ్లోరైడు చేరితే జరిగే పని. మీ పాప ఇంకా ఆ వయసు పూర్తిగా దాటలేదు కనుక జాగ్రత్తపడవలసింది నీటి దగ్గరే. బోరు నీటిని తాగడానికే కాదు, వంటకు కూడా వాడకండి. టూత్‌పేస్టును బఠాణీ గింజంత మాత్రమే పెట్టి, మింగకుండా ఉమ్మివేయించండి.

ఇక ఈ సిమెంటు విషయం. లండన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసిన అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అనే శాస్త్రవేత్తలు 1970ల తొలినాళ్ళలో దీనిని దంతవైద్యానికి అందించారు. ఫ్లోరైడు కలిసిన ఒక రకం గాజు పొడిని, పాలీఅక్రిలిక్ ఆమ్లపు ద్రవంతో కలిపితే గట్టిపడుతుంది. పంటిలోని కాల్షియంతో రసాయనికంగా అంటుకుపోవడం దీని అసలు బలం. వెండి ఫిల్లింగు నిలవడానికి మంచి పన్నును కూడా కొంత తొలిచి పట్టు చేయవలసి వచ్చేది, దీనికి ఆ అవసరం లేదు. అందుకే 1980లలో టాంజానియాలో కరెంటు, డ్రిల్లు లేని చోట్ల, మెత్తబడిన పిప్పిని చేతి పనిముట్లతోనే గీకి తీసి ఈ సిమెంటు నింపే పద్ధతి మొదలైంది. డ్రిల్లు చప్పుడుకే ఏడ్చే పిల్లలకు నేటికీ అది మంచి మార్గమని నా అభిప్రాయం.

పెట్టేటప్పుడు చూస్తే, కాగితపు పలకపై పొడినీ ద్రవాన్నీ అర నిమిషంలో కలిపేస్తారు. ఆ ముద్ద నిగనిగలాడుతుండగానే పంటిలోకి నొక్కాలి. మెరుపు తగ్గిందంటే ఇక అది పన్నును సరిగా పట్టుకోదు. గట్టిపడే ఆ నాలుగైదు నిమిషాలు ఉమ్మి తగలకుండా దూది పెట్టి, చివర వార్నిషో వాజలీనో పూస్తారు. పాప నోరు మూయకుండా కూర్చోవడంలో మీ పాత్ర ఉంది కనుక మీరు పక్కనే ఉండండి. తరువాత గంటసేపు ఏమీ పెట్టకండి. ఆ రోజుకు పప్పన్నం చాలు, సకినాలు, మక్క పేలాలు వద్దు.

పీకించవచ్చా అంటే, వద్దు. పాలపళ్ళలో వెనకటి దవడపన్ను పది పన్నెండేళ్ళ దాకా ఉండి, దాని కింద రావలసిన పంటికి చోటు కాపాడుతుంది. ముందే తీసేస్తే దాని వెనుక ఆరేళ్ళకు వచ్చే శాశ్వత దంతం ముందుకు జరిగి ఆ చోటును ఆక్రమిస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే మొలుస్తుంది కాబట్టి దానిని కూడా పాలపన్నే అనుకుని నిర్లక్ష్యం చేసే తల్లిదండ్రులు చాలామంది; ఈసారి వెళ్ళినప్పుడు దానినీ చూపించండి. అయితే పాప రాత్రిళ్ళు నొప్పితో లేస్తున్నా, చిగురుపై చీము పొక్కు కనిపించినా సంగతి వేరు. అప్పుడు పిప్పి నరం దాకా వెళ్ళిందని అర్థం. ఎక్స్‌రే తీయకుండా పైన సిమెంటు పెట్టించకండి.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు, జడ్చర్ల దగ్గర వ్యవసాయం. పైపళ్ళకు చిగురు పక్కన గాట్లు పడి చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటున్నాయి. జీఐసీ (గ్లాస్ అయనోమర్ సిమెంటు) ఫిల్లింగులు పెట్టించుకుంటే రెండు నెలల్లో రెండు ఊడాయి. సిమెంటు నాసిరకమా?
– ఒక రైతు

జవాబు: అలా అనుకోనక్కరలేదు. ఇలాంటి గాట్లలో ఎక్కువ కాలం నిలిచే వాటిలో ఇదొకటి. మీ గాట్లు పిప్పివల్ల కాక, రాపిడివల్ల పడినవై ఉంటాయి. ఏళ్ళ తరబడి గరుకు పళ్ళపొడితోనో, గట్టి బ్రష్షుతోనో అడ్డంగా రుద్దేవారిలో ఇవి ఎక్కువగా చూస్తాము. అరిగిన చోట పన్ను గాజులా నునుపెక్కుతుంది, దానిపై సిమెంటు సులువుగా అంటదు. ముందుగా పలుచటి పాలీఅక్రిలిక్ ఆమ్లాన్ని కొద్ది సెకన్లు రాసి కడిగి, పన్ను మరీ పొడిబారకుండా చూసి పెడితే పట్టు బాగుంటుంది. చిగురు నుంచి రక్తం చెమరుస్తున్న రోజున పెట్టినా ఊడుతుంది, కాబట్టి ముందు పళ్ళపై గట్టిగా పేరుకున్న పాచిని తీయించుకుని, చిగుళ్ళు మానాక వెళ్ళండి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే అదీ చెప్పండి. ఆ ఒత్తిడికి పన్ను చిగురు దగ్గర వంగి ఫిల్లింగు వదులవుతుంది. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి మానకుండా ఎన్నిసార్లు పెట్టించుకున్నా డబ్బు దండగే.

ప్రశ్న: వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. దవడపన్నులో పక్కగోడ విరిగింది. జీఐసీ చవక, కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగు) ఖరీదు అన్నారు. చవకైనది పెట్టించుకుంటే నష్టమా?
– ఒక విద్యార్థి

జవాబు: చవకైనంత మాత్రాన తక్కువది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో గ్లాస్ అయనోమర్ సిమెంటును చేర్చింది. కానీ మీ పంటికి మామూలు జీఐసీని నేను సూచించను. ఇది నొక్కుడును కొంత ఓర్చుకున్నా, వంపును, లాగుడును ఓర్చుకోదు. గోడ లేని చోట నమిలే బరువంతా దాని అంచుపైనే పడి విరుగుతుంది, రెండు పళ్ళ మధ్య ఆహారం ఇరుక్కుంటుంది. అడుగున జీఐసీ వేసి పైన కాంపోజిట్ వేసే పద్ధతి ఉంది, దాని గురించి అడగండి. గోడతో పాటు పైమొన కూడా పోయి ఉంటే క్యాప్ అవసరమవుతుంది. ఇప్పటికిప్పుడు డబ్బు కుదరకపోతే, పరీక్షలయ్యేదాకా తాత్కాలికంగా జీఐసీతో మూయించుకోవడంలో తప్పులేదు, ఆ వైపు గట్టివి నమలకుండా ఉంటే చాలు. ఒక్కటి గమనించుకోండి: వేడి టీ తాగినప్పుడు మొదలైన నొప్పి కప్పు పక్కన పెట్టినా చాలాసేపు తగ్గకపోతే ఫిల్లింగుల బేరం ఆపి, ముందు రూట్ కెనాల్ అవసరమా అని తేల్చుకోండి.