కోనసీమ బోరు ఇసుకలో బంగారు మెరుపులు: కింద ఖనిజం ఉన్నట్టేనా?

అమలాపురం దగ్గర మీ పొలంలో బోరు వేయిస్తే వచ్చిన ఇసుకలో బంగారు రంగు రేకులు మెరిశాయనీ, ఒకాయన "కింద బంగారం, రాగి ఉన్నాయి, సర్వే ఫీజు కట్టండి" అంటున్నాడనీ రాశారు. ముందు ఆ ఫీజు కట్టకండి.

మాదీ గోదావరి లంక ఊరే. నేను డిగ్రీలో ఉండగా మా చిన్నాన్న ఇలాంటి ఇసుకే పళ్ళెంలో పెట్టుకుని, ఒక ఏజెంటు మాట నమ్మి, ఆ ఏడాది కొబ్బరి మీద వచ్చిన డబ్బంతా ఇచ్చేశాడు. అప్పుడు నేను గట్టిగా అడ్డుపడలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రేకులు దాదాపు ఖాయంగా కాకిబంగారమే, అంటే అభ్రకం. నల్ల అభ్రకం నీళ్ళలో నానీ నానీ పసుపు రంగుకు తిరుగుతుంది. సూది మొనతో గుచ్చి చూడండి. అభ్రకమైతే పొరలుగా విడిపోతుంది, బంగారమైతే సొట్ట పడుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి తిప్పినా తెలుస్తుంది. అభ్రకం నీళ్ళతో పాటు జారిపోతుంది. బంగారం బరువు నీటికి 19 రెట్లు, నల్ల ఇసుక కన్నా వెనకే ఉండిపోతుంది.

తర్వాత నేను పల్నాడు వైపు అగ్నిగుండాలలో, అప్పటి అనంతపురం జిల్లా రామగిరిలో ఖనిజ అన్వేషణ క్యాంపుల్లో పనిచేశాను. అక్కడ మేం మొదట అడిగే ప్రశ్న, "ఇక్కడ ఏ రాయి ఉంది?" అని. బంగారం దొరికిన రామగిరి, జొన్నగిరి, కోలారు, హట్టి, ఇవన్నీ 250 కోట్ల ఏళ్ళకు పైబడిన పాత శిలల పట్టీలు. నేల లోపలి వేడి ద్రవాలు ఆ రాళ్ళు నలిగిన చోట్ల పారి, పలుగురాతి చారల్లో బంగారాన్ని వదిలాయి. అగ్నిగుండాలలో కథ వేరు. అక్కడ బండ్లమొట్టులో సీసం ముఖ్యంగా డోలమైటు రాయిలో ఉంది, నల్లకొండలో రాగి. రాతి మీద రాగికి గుర్తైన ఆకుపచ్చ మరక కనిపిస్తే ఆ రోజంతా మాకు ఆకలి తెలిసేది కాదు.

రాయి కుదిరాక వాగులు పట్టుకుంటాం. రెండు పాయలు కలిసే చోట ఒక్కో పాయ నుంచి విడిగా సన్న ఇసుక జల్లించి సంచుల్లో కట్టి ల్యాబుకు పంపుతాం. ఏ పాయలో లోహం ఎక్కువ తేలితే ఆ పాయ వెంట ఎగువకు నడుస్తాం. ఇసుకలో ఆ లోహం ఠక్కున తగ్గిపోయిందంటే మూలాన్ని దాటి వచ్చేశామని లెక్క. ఆ తర్వాతే కందకాలు, డ్రిల్లింగు.

ఈ పద్ధతి మన డెల్టాలో పనిచేయదు. గోదావరి త్రయంబకం నుంచి 1465 కిలోమీటర్లు వస్తుంది. దక్కను నల్లరాయి, సింగరేణి వైపు ఇసుకరాయి, పాపికొండల రాయి, అన్నీ నలిగి కలిసిన ఒండ్రు మీద మనం ఉన్నాం. మీ బోరులోని రేణువు ఎక్కడిదో చెప్పలేం, అది మీ పొలం కింద ఏముందో చెప్పదు. పైగా వాలు తగ్గేసరికి బరువైనవి ఎగువనే దిగబడిపోతాయి. గట్టి రాయి కావాలంటే కొన్నిచోట్ల కిలోమీటర్ల లోతుకు పోవాలి. ఓఎన్‌జీసీ అంత లోతుకు వెళ్ళి తీసేది చమురు, గ్యాసు. కాతేరు, పంగిడి వైపు నల్లరాయి పైకి కనిపిస్తుంది, కానీ అది రోడ్డు కంకరకు. తీరం నల్ల ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్టు అనే ఖనిజాలు ఉంటాయి. మన డెల్టా ఖనిజ సంపద ఇదే.

మీ దగ్గర ఫీజు అడుగుతున్న ఆయన్ని ఇవి అడగండి: ఏ లోతు నమూనా, ఎవరు తీశారు, టన్నుకు ఎన్ని గ్రాములు, ఏ ల్యాబు రిపోర్టు? బంగారం, రాగి లీజులు 2015 నుంచి మామూలుగా ప్రభుత్వ వేలంలో వస్తాయి. రైతు దగ్గర ఫీజు వసూలు చేసే పద్ధతి అందులో లేదు. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ వెబ్‌సైటులో మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, మీ మండలం మీరే చూసుకోవచ్చు.

ఇంకొకటి. బోరు నీళ్ళు తీపో ఉప్పో రాయలేదు. సముద్రం దగ్గరైతే మోటారు బిగించే ముందే పరీక్ష చేయించండి, వరికైనా కొబ్బరికైనా ముందు తేలాల్సింది అదే.