బోరు అనే మాట గురించి మేనకోడలికి

దేవరకొండ

బిడ్డా,

ఇంటర్వ్యూకు నువ్వు రాసుకున్న కాగితం బావ చూపించాడు. అందులో ‘ఐ యామ్ బోర్ ఇన్ హాస్టల్’ అని ఉంది. నవ్వుదామనుకున్నా కానీ నా ముచ్చటే యాదికొచ్చింది. బడిలో పంతులు ఉద్యోగం కొత్తలో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దాయన ఊళ్లో పొద్దు ఎట్లా గడుస్తోందని అడిగితే, ‘ఐ యామ్ వెరీ బోరింగ్ సర్’ అన్నాను. ‘పిల్లలు కూడా అదే అంటున్నారా?’ అన్నాడాయన.

నీకు విసుగొస్తే నువ్వు బోర్‌డ్. విసుగు తెప్పించేది బోరింగ్. (బోర్‌డ్ అంటే నల్లబల్ల వినిపిస్తుంది. పలకడం ఒకటే, స్పెల్లింగ్ వేరు.) ఇంగ్లీషులో ‘బోర్’ అనే నామవాచకం విసుగుకు పేరు కాదు, విసిగించే మనిషికి, పనికి పేరు. చెప్పిందే చెప్పే మన సర్పంచుల చుట్టంలాంటి వాడు ‘ఎ బోర్’. ముందు ‘ఎ’ పెట్టడం మరువకు. విసుగుకు బోర్‌డమ్ అని వేరే మాటుంది. ‘బోరు కొడుతోంది’ అన్నది మనం కల్పించుకున్నదే, దాన్ని ఇంగ్లీషులోకి మోసుకుపోతే అక్కడ ఎవరినీ కొట్టలేం.

మన దిక్కు బోరంటే ముందు గుర్తొచ్చేది నీళ్లదే కదా. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూసే ఆయన, రాత్రంతా రిగ్గు చప్పుడు, పొద్దున ఇంటి కప్పు మీద తెల్లటి రాతిపొడి. ఆ అర్థాన్నే గట్టిగా పట్టుకో. తొలవడం, తొలిచిన బెజ్జం అన్నదే పాత అర్థం. అయితే బోర్‌వెల్ మన దేశపు ఇంగ్లీషు, బ్రిటన్‌లో బోర్‌హోల్ అంటారు. గొట్టం లోపలి వెడల్పు కూడా బోరే. ట్వెల్వ్ బోర్ తుపాకీ అంటే 12 అంగుళాలని కాదు, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండు పౌండులో 12వ వంతు తూగుతుందని. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. హుగ్లీ నదిలోకి సముద్రపు పోటు ఎదురెక్కి గోడలా వచ్చే అలనూ బోర్ అనే అంటారు. అది నీ ఇంటర్వ్యూలో రాదులే.

ఒక మాట నేర్చుకుంటే మన ఇంటి సంగతులతో మూడు వాక్యాలు రాయి. డిక్షనరీ వాక్యాలు బట్టీ పట్టకు, తెల్లారేసరికి పోతాయి. మూడు బోర్లు ఎండిపోయి నాలుగోదాంట్లో నీళ్లు పడ్డప్పుడు మీ నాన్న చేనులో అట్లనే కూలబడ్డాడు. హాస్టల్ విసుగు తీసేసి అది రాయి.

ఆదివారం ఫోన్లో చదివి వినిపించు.

మీ మామ