హైస్కూల్ కౌన్సెలర్లకు పిల్లల కాలేజీ, ఫాఫ్సా అప్లికేషన్లు ట్రాక్ చేయడంలో ఎలా సాయపడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ అమ్మాయి చదివే టెక్సస్ పబ్లిక్ హైస్కూల్లో సీనియర్లు ఎవరు ఏ కాలేజీకి అప్లై చేశారు, ఎవరి ఫాఫ్సా (కాలేజీ చదువుకి ప్రభుత్వ ఆర్థిక సాయం అడిగే ఫెడరల్ ఫారం) ఎక్కడిదాకా వచ్చింది అన్నది చూసుకోలేక కౌన్సెలర్లు సతమతమవుతున్నారు. మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) తరఫున ఒక యాప్ చేసిపెడదామని మీ ఆలోచన. అందులో ఏమేం ఉండాలి, ఏ తారీఖులు చూసుకోవాలి అని అడిగారు.

నేను డాలస్ వైపు ఒక పబ్లిక్ హైస్కూల్లో కాలేజీ అండ్ కెరీర్ సెంటర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను, మొదట వాలంటీర్‌గా వెళ్లి తర్వాత అక్కడే ఉండిపోయాను. నా మాట ఒకటే: యాప్ ఇప్పుడే మొదలుపెట్టకండి. కౌన్సెలర్ల దగ్గర సిస్టమ్స్ తక్కువై కాదు ఈ కష్టం, ఎక్కువై. కాలేజీ ప్లానింగ్‌కి నావియన్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, ఒకే ఫారంతో చాలా కాలేజీలకి అప్లై చేసే కామన్ యాప్‌లో కౌన్సెలర్ వైపు లాగిన్ ఒకటి, టెక్సస్ కాలేజీల అప్లికేషన్ సైట్ అప్లైటెక్సస్‌లో కౌన్సెలర్ సూట్ ఒకటి, మార్కులకి డిస్ట్రిక్ట్ సిస్టమ్ ఇంకొకటి. ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క కనిపిస్తుంది, అన్నీ కలిపి చూసే టైమ్ ఎవరికీ ఉండదు. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ 250 మంది పిల్లలకు ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది, దేశం మొత్తం సగటు చూస్తే ఇప్పటికీ 350 దాటే ఉంది. పైగా ఆ ఒక్క మనిషే షెడ్యూల్ మార్పులు చూడాలి, పరీక్షలు పెట్టించాలి, ఏడుస్తూ వచ్చిన పిల్లని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆవిడకి ఇంకో లాగిన్ ఇస్తే అది సాయం అవ్వదండీ.

ఆవిడకి కావాల్సింది సోమవారం పొద్దున ఒక చిన్న లిస్టు. ఈ వారం నేను ఎవరితో మాట్లాడాలి, దేని గురించి మాట్లాడాలి. అంతే.

ఆ లిస్టు రావాలంటే ట్రాక్ చేసే పద్ధతి మారాలి. అందరూ "సబ్మిట్ చేశాడా, లేదా" అని ఒక టిక్ పెట్టుకుంటారు. ఆ టిక్‌ని నమ్మి కూర్చుంటే పిల్లలు జారిపోతారు. ఫాఫ్సానే తీసుకోండి. పిల్లాడు తన భాగం నింపుతాడు, సంతకం పెడతాడు, అడిగితే "అయిపోయింది మిస్" అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు, వాడి పని నిజంగానే అయిపోయింది. కానీ తల్లో తండ్రో కంట్రిబ్యూటర్‌గా తమ సొంత అకౌంట్‌తో లోపలికి వెళ్లి, ఐఆర్ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) నుంచి ట్యాక్స్ వివరాలు తీసుకోవడానికి ఒప్పుకుని, సంతకం పెట్టేదాకా ఆ ఫారం ముందుకు కదలదు. ఇన్విటేషన్ ఈమెయిల్ అమ్మ పాత యాహూ అకౌంట్‌కి వెళ్లి ఉంటుంది, ఆవిడ దాన్ని తెరిచి ఏడాది అయి ఉంటుంది. ఇదంతా దాటి ప్రాసెస్ అయ్యాక కూడా కాలేజీ వెరిఫికేషన్ అని ఇంకో రెండు కాగితాలు అడగొచ్చు. ఆ సంగతి కాలేజీ పోర్టల్లో మాత్రమే కనిపిస్తుంది, స్కూల్‌కి తెలియదు.

మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసులో పని పడితే మొదట ఏం కనుక్కుంటాం, ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో కదా. ఇక్కడా అదే కనుక్కోవాలి. మేము వాడే షీట్లో ఒక్కో పిల్లకి, పిల్లాడికి ముఖ్యంగా రాసేది మూడే విషయాలు: తర్వాత జరగాల్సిన పని ఏంటి, అది ఎవరి దగ్గర ఆగింది (పిల్ల, ఇంట్లోవాళ్లు, స్కూల్, కాలేజీ, ఈ నాలుగింట్లో ఒకటి), ఏ తారీఖులోపు కావాలి. చివరిసారి ఎవరు మాట్లాడారో పక్కన పేరు. "ఇంట్లోవాళ్ల దగ్గర ఆగినవి" అని ఫిల్టర్ కొడితే ఫోన్ చేయాల్సిన వాళ్లు వస్తారు, "స్కూల్ దగ్గర ఆగినవి" అంటే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) వెళ్లలేదనో రికమండేషన్ లెటర్ రాయలేదనో అర్థం. ఇది చూడగానే కౌన్సెలర్ ముఖంలో టెన్షన్ తగ్గడం నేను చూశాను, ఎందుకంటే లిస్టులో చాలా పేర్లకి ఆ వారం ఆవిడ చేయాల్సింది ఏమీ ఉండదు.

టెక్సస్‌లో ఇంకో చిక్కు ఉంది, ఇది మీకు ఎవరూ ముందుగా చెప్పకపోవచ్చు. 2021-22లో గ్రాడ్యుయేట్ అయిన బ్యాచ్ నుంచి ఇక్కడ హైస్కూల్ పూర్తవ్వాలంటే ఫాఫ్సా గానీ రాష్ట్ర ఆర్థిక సాయానికి పెట్టే టాస్ఫా ఫారం గానీ నింపాలి, లేదా మాకు వద్దు అని ఆప్ట్ అవుట్ కాగితం ఇవ్వాలి. దాంతో స్కూళ్లు మూడిటినీ కలిపి ఒకే గడిలో "కంప్లీట్" అని పెట్టేస్తాయి. గ్రాడ్యుయేషన్ లెక్కకి అది సరే. కానీ ఆప్ట్ అవుట్ ఇచ్చిన పిల్లకి పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) రాదు, అది 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు, కమ్యూనిటీ కాలేజీకి వెళ్లే పిల్లకి ఫీజు కట్టేసి పుస్తకాలకీ బస్సుకీ మిగిలే డబ్బు. అందుకని గ్రాడ్యుయేషన్ లెక్క, ఎయిడ్ లెక్క వేరు వేరు కాలమ్స్‌లో ఉండాలి. ఆప్ట్ అవుట్ ఇచ్చినవాళ్లలో కొందరు నిజంగా వద్దనుకున్నవాళ్లు, చాలామంది మాత్రం ఫారం చూసి భయపడినవాళ్లు. వాళ్లకి ఇంకోసారి నెమ్మదిగా ఫోన్ చేయాలి, సాయంత్రం షిఫ్టు అయ్యాక, వీలైతే వాళ్ల భాషలో.

మన తెలుగువాళ్లున్న స్కూల్ అయితే పేర్లు కూడా చూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది పాస్‌పోర్ట్‌లో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒకలా, స్కూల్ రికార్డులో ఇంకోలా ఉంటుంది, కొందరికి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడి అదే అన్నిచోట్లా తిరుగుతుంటుంది. ఫాఫ్సాకి అకౌంట్ తెరిచేటప్పుడు పేరు, పుట్టిన తేదీ సోషల్ సెక్యూరిటీ రికార్డుతో అచ్చంగా కలవాలి. కాలేజీ అప్లికేషన్లో ఒక పేరు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఇంకో పేరు ఉంటే ఆ రెండూ ఒకే పిల్లవని కాలేజీ సిస్టమ్ గుర్తుపట్టదు, పోర్టల్లో "ట్రాన్‌స్క్రిప్ట్ రాలేదు" అనే చూపిస్తూ ఉంటుంది, స్కూల్ మాత్రం పంపించేశాం అంటుంది. అందుకే షీట్లో "కార్డు మీద ఉన్న పేరు" అని ఒక గడి పెట్టించండి, సెప్టెంబర్‌లోనే.

అలాగే ఇక్కడ పుట్టిన పిల్లలు సిటిజన్లు, తల్లిదండ్రులు హెచ్1బీ, హెచ్4 మీద ఉన్నా వాళ్లు ఫాఫ్సా నింపొచ్చు. తల్లికి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా అకౌంట్ తెరవొచ్చు. ట్యాక్స్ ఇద్దరూ కలిపి జాయింట్‌గా ఫైల్ చేసి ఉంటే ఒకరు కంట్రిబ్యూటర్‌గా వస్తే చాలు. అదే పిల్లే హెచ్4 మీద ఉంటే ఫెడరల్ ఎయిడ్ రాదు, కొన్ని ప్రైవేట్ కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఎయిడ్ ఫారం ద్వారా సొంత నిధులు ఇస్తాయి, ఆ దారి చూడాలి. ఇది తెలియక "మేం వీసా వాళ్లం, మాకేమీ రాదు" అని అసలు ప్రయత్నమే చేయని మనవాళ్లు చాలామంది తగిలారు నాకు.

కానీ ఒకటి గట్టిగా చెప్తున్నాను, షీట్లో ఇమిగ్రేషన్ స్టేటస్ అనే కాలమ్ ఎప్పుడూ పెట్టకండి. అది పబ్లిక్ స్కూల్ సేకరించి పెట్టుకోకూడని వివరం. 1982లో సుప్రీంకోర్టు ప్లైలర్ వర్సెస్ డో కేసులో పిల్లల చదువుకి స్టేటస్ అడ్డు కాకూడదని చెప్పింది, అప్పటినుంచీ స్కూళ్లు జాగ్రత్తగా ఉంటాయి. "ఏ ఫారం నింపుతోంది" అని మాత్రమే రాయండి, కారణం రాయొద్దు. ఇంట్లో ఎవరికో కాగితాలు లేని పిల్ల ఆ ప్రశ్న చూసిందంటే ఇక మీ గదిలోకి రాదు, తన స్నేహితుల్ని కూడా రానివ్వదు.

మీ యాప్ ఆలోచన ఆపమన్నది కూడా కొంతవరకు ఇందుకే. పిల్లల రికార్డుల గోప్యతకి ఫెర్పా అని 1974 నుంచి చట్టం ఉంది. వాలంటీర్‌గా మీరు చూడాలంటే స్కూల్ మిమ్మల్ని దానికి అధికారికంగా ఒప్పుకోవాలి, డేటా డిస్ట్రిక్ట్ అకౌంట్‌లోనే ఉండాలి, మీ లాప్‌టాప్‌లో కాపీ ఉండకూడదు. సోషల్ నంబర్లు, ఆదాయం, పాస్‌వర్డులు ఎక్కడా రాయకూడదు. తల్లిదండ్రుల ఫాఫ్సా అకౌంట్ వాళ్లే తెరవాలి, మీరు పక్కన కూర్చుని దారి చూపించొచ్చు గానీ వాళ్ల తరఫున తెరవకూడదు. తొందరలో "నేను చేసేస్తాలే ఆంటీ" అనాలనిపిస్తుంది, అనొద్దు.

క్యాలెండర్ గురించి కూడా అడిగారు. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ఫాఫ్సా మామూలుగా అక్టోబర్ 1కల్లా వస్తుంది. ఆస్టిన్‌లోని యూటీకీ టెక్సస్ ఏ అండ్ ఎంకీ డిసెంబర్ 1 చివరి తేదీ కాబట్టి మాకు నవంబర్ చాలా బరువుగా ఉంటుంది, థాంక్స్‌గివింగ్ వారంలో స్కూల్ ఉండదు, ఆ వారం మీద ఎవరూ ఆశ పెట్టుకోకూడదు. చాలా కాలేజీలకి మే 1 లోపు చేరతామని ఒప్పుకోవాలి. 2023లో మాత్రం ఫాఫ్సా ఫారం డిసెంబర్ ఆఖరుకి గానీ రాలేదు, వచ్చాక కూడా సోషల్ లేని తల్లిదండ్రులు నెలల తరబడి లోపలికి వెళ్లలేకపోయారు, కాలేజీలకి వివరాలు వెళ్లడం 2024 మార్చిలో మొదలైంది. ఆ సీజన్లో మాకు అక్కరకొచ్చింది షీట్లోని ఈ "ఎవరి దగ్గర ఆగింది" అన్న గడే. తప్పు ఇంట్లోవాళ్లది కాదు, ప్రభుత్వ సిస్టమ్‌ది అని తెలిసిన కుటుంబాలకి ఊరికే ఫోన్లు చేసి కంగారు పెట్టకుండా, దారి తెరుచుకున్న రోజున వాళ్లనే ముందు పిలవగలిగాం.

అప్లికేషన్ల వైపు ట్రాకింగ్ దీనికన్నా తేలిక. ఫీజు వేవర్ (అప్లికేషన్ ఫీజు మాఫీ) వాడారా, ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లిందా, సెమిస్టర్ అయ్యాక మిడ్ ఇయర్ రిపోర్ట్ (కొత్త మార్కులతో స్కూల్ పంపేది) వెళ్లిందా, ఇవి చాలు. ఒక్కటి మాత్రం పట్టుబట్టండి: అప్లికేషన్లకీ ఫాఫ్సాకీ పిల్లలు స్కూల్ ఈమెయిల్ వాడకూడదు. గ్రాడ్యుయేషన్ తర్వాత చాలా డిస్ట్రిక్టులు ఆ అకౌంట్లు మూసేస్తాయి, అప్పుడు కాలేజీ పంపే బిల్లు కూడా కనిపించదు.

ఇక అసలు కష్టం జూన్ తర్వాత. సీటు వచ్చి, డబ్బు కూడా వచ్చి, ఆగస్టులో క్లాసుకి వెళ్లని పిల్లలు ఉంటారు. దీన్ని ఇక్కడ సమ్మర్ మెల్ట్ అంటారు. కారణాలు వింటే బాధేస్తుంది. టెక్సస్‌లో 22 ఏళ్లలోపు కొత్తగా కాలేజీలో చేరేవాళ్లకి మెనింజైటిస్ టీకా రుజువు కావాలి, క్లాసులు మొదలవ్వడానికి 10 రోజుల ముందే వేయించుకుని ఉండాలి. ఆ కాగితం అప్‌లోడ్ అవ్వక రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడుతుంది, ఎవరిని అడగాలో పిల్లకి తెలియదు, స్కూల్లో కౌన్సెలర్ సెలవులో ఉంటారు. ఓరియంటేషన్ డేట్ దాటిపోతుంది, తర్వాత "వచ్చే ఏడాది చూద్దాంలే" అంటుంది. కాబట్టి మీ షీట్ మే నెలలో ఆగిపోకూడదు. టీకా, ఓరియంటేషన్, హౌసింగ్, మొదటి బిల్లు, ఈ నాలుగూ ఆగస్టు దాకా ఉండాలి, పిల్లల పర్సనల్ ఫోన్ నంబర్లతో సహా.

మీరు నిజంగా చేయగలిగిన సాయం ఇక్కడే ఉంది. మీ కౌన్సెలర్ని కలిసినప్పుడు జులైలో ఈ షీట్ ఎవరు తెరుస్తారు, ఆ మనిషికి డిస్ట్రిక్ట్ వేసవి జీతం ఇస్తుందా అని అడగండి. ఇవ్వకపోతే పీటీఏ డబ్బు యాప్‌కి బదులు దానికి పెట్టే వీలుందేమో ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. షీట్ కాలమ్స్ కావాలంటే కింద కామెంట్‌లో అడగండి, పిల్లల వివరాలేవీ లేని ఖాళీ నమూనా ఒకటి పెడతాను.